అనుమానం ఉన్న వైపు

6 జనవరి 1997, సోమవారం

ఈ డైరీ మా ఆయన పనిచేసే కార్ఖానా సేఠ్ దీపావళికి ఇచ్చాడు. పైన గుజరాతీ తిథి, కింద సూరత్ బట్టల మార్కెట్ అడ్రసు. ఇంటి ఖర్చుల పుస్తకం వేరే ఉంది, దాన్ని అందరూ చూస్తారు. ఇది బియ్యం డబ్బా వెనక ఉంటుంది. ఆ డబ్బాను నేను తప్ప ఎవరూ జరపరు.

ఆపరేషన్ గురువారం. ఏడాది పాటు మొలలు, మొలలు అనుకుంటూ పల్సానాలో ఒక వైద్యుడిచ్చిన పొడి తిన్నాడు. అది మొలలు కాదు, మలం దిగే పేగులో గడ్డ. క్యాన్సర్. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. అత్త పేరు పెట్టకుండా "గది" అంటుంది. మా అమ్మాయి నవత "బాపు ప్రాబ్లం" అంటుంది. ఆయన మాత్రం "లోపలి మాల్ ఖరాబైంది" అని అందరికీ చెప్తున్నాడు.

ఆయన భయం గడ్డ గురించి కాదు, సంచి గురించి. కిందికి దిగే దారి మూసేసి, పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చని డాక్టర్ అన్నాడు. అప్పటి నుంచీ ఇదే పాట.

"పొట్టకు సంచి కట్టుకొని లూమ్ కింద దూరుతనా? తిరిగే పట్టాల ఇరుక్కుంటది."

"కింద దూరకుంటే ఏమైతది? మీది నుంచి చూడు" అన్నాను.

"మీది నుంచి చూసేటోన్ని సేఠ్ అంటరే. మాస్టర్ అనరు."

ఆయన మగ్గాలు బాగుచేసే మాస్టర్. కింద దూరకపోతే నిద్రపట్టని మనిషి.

8 జనవరి

ఆస్పత్రికి కావలసినవన్నీ రెండు సంచుల్లో సర్దాను. ఒకదాంట్లో ఆయనవి, ఒకదాంట్లో మావి. నవత చూసి, "అమ్మా, ఊరికి పోతున్నమా?" అని నవ్వింది. నవ్వనీ. అక్కడికి వెళ్లాక సబ్బు ఏదీ, గ్లాసు ఏదీ అని వెతకడం నాకు చేతకాదు.

9 జనవరి, గురువారం

పొద్దున లోపలికి తీసుకెళ్లి, మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. సంచి లేదు. దారి నిలబెట్టామని సర్జన్ చెప్పాడు. మెలకువ రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "సంచి?" లేదన్నాను. నవ్వి మళ్లీ పడుకున్నాడు.

తీసిన ముక్కను ఒక ప్లాస్టిక్ డబ్బాలో మందునీళ్లలో వేసి, చీటీ జతచేసి సిస్టర్ నా చేతికిచ్చింది. రింగ్ రోడ్ అవతల ఉన్న ల్యాబ్‌లో మనమే ఇచ్చి రావాలట. నవతను ఆయన దగ్గర కూర్చోబెట్టాను. అత్త తానూ వస్తానంది.

"నువ్వెందుకత్తా, ఎండల?"

"నా కొడుకు పేగది. పరాయి ఆటోల ఒక్కతే పోతదా?"

నేను పోతున్నాను కదా అని అనలేదు.

మార్కెట్ దగ్గర బట్టల బండ్ల మధ్య ఆటో ఇరుక్కుంది. డబ్బా కారుతోందని అప్పుడే చూశాను. లోపలి నుంచి ఒక పొడుగు నల్ల దారం మూత సందులో పడి బయటికి వేలాడుతోంది. దాని వెంబడే చుక్క చుక్కగా నీళ్లు దిగి నా చీర తడిసింది. దారాన్ని లోపలికి తోద్దామని మూత తీశాను. నాకంటే ముందే అత్త దాన్ని పట్టుకుని పైకి లాగి, నడుము దగ్గరి చిన్న కత్తెరతో మొదట్లోనే కత్తిరించి రోడ్డు మీద పడేసింది. చీరల వెనక మిగిలే దారాలు కత్తిరించే పని అత్త మేము సూరత్‌కు వచ్చిన రోజు నుంచి చేస్తోంది. వేలాడే దారం కనబడితే ఆ చెయ్యి ఆగదు. మా గల్లీ రాములు బిడ్డ పెళ్లిలో ఎవరో పెద్దావిడ జాకెట్‌కు దారం వేలాడుతుంటే వెనక నుంచి వెళ్లి కత్తిరించింది. ఆమె కేక వేసింది.

మూత గట్టిగా బిగిసింది. ఇక కారలేదు. ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాం.

10 జనవరి

గాలి పోలేదు. గాలి పోతే గానీ నీళ్లు కూడా తాగనివ్వరట. పేగు పని మొదలుపెట్టిందని అదే గుర్తట.

11 జనవరి

పోలేదు. మా భేస్తాన్ గల్లీ నుంచి చూడవచ్చిన ప్రతి మనిషీ చెప్పులు విడిచి, చేయి పట్టుకుని, "పోయిందా?" అని అడుగుతున్నాడు. పక్క మంచం గుజరాతీ ముసలాయన కూడా అడుగుతున్నాడు.

12 జనవరి

పోయింది. పొద్దున చాయ్ వేళ. వార్డు మొత్తం విన్నది. అత్త వరండాలో నిలబడి సూర్యుడికి దండం పెట్టింది. పక్క మంచం ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"నా లగ్గానికి గూడ గింత మంది సంబురపడలే" అన్నాడు ఆయన.

18 జనవరి

ఇంటికి వచ్చాం.

21 జనవరి

రిపోర్టు వచ్చింది. నవత తెచ్చి, గడపలో నిలబడే చదివింది.

"అమ్మా, సారు ఛే! మంచిగున్నది! రెండు చివరలూ ఫ్రీ అని రాసిన్రు. పైన కోసిన కాడ లేదు, కింద కోసిన కాడ లేదు. బాపు క్లీన్."

ఆయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు ఎటు నుంచి చూసినా ఆయనకు ఒకటే. ఆదివారం దావత్ అన్నాడు.

26 జనవరి, ఆదివారం

దావత్. మేక. మా గల్లీ వాళ్లంతా వచ్చారు. ఆయనకు పలచని మజ్జిగన్నం. ముక్క తినడానికి లేదు కాబట్టి కుర్చీలో కూర్చుని ఎవరి విస్తట్లో ఏం పడాలో అరిచి చెప్పాడు. ఇది గుజరాత్, సారా దొరకదు. ఆగయ్య తెచ్చిన కూల్‌డ్రింక్ సీసాలో కూల్‌డ్రింక్ ఎంత ఉందో నేను అడగలేదు. అది తాగినవాళ్లు మాత్రం బాగా పాడారు.

ఇన్ని నెలల తర్వాత ఆయన నవ్వు వంటింట్లోకి వినబడింది.

28 జనవరి

సర్జన్‌కు చూపించడానికి వెళ్లాం. పుండు బాగా మానిందట. ఆయన లోపలి గదిలో చొక్కా వేసుకుంటుంటే సర్జన్ నాతో హిందీలో చెప్పాడు.

"బెన్, చివరలు బాగున్నాయి. కానీ ఒక పక్కన గడ్డ గోడకు అతుక్కుని ఉండింది. అక్కడ కోసేటప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఆ చోటు ప్రత్యేకంగా చూడమని ఒక పొడుగు నల్ల దారం కట్టి పంపాను. దారం కనబడలేదని ల్యాబ్ వాళ్లు రాశారు. జారిపోయి ఉంటుంది."

"అయితే ఏమవుతుంది?"

"ఆ పక్క శుభ్రంగా ఉంటే ఏమీ కాదు. అక్కడ కొంచెం మిగిలి ఉంటే, ఏడాదికో రెండేళ్లకో అదే చోట మళ్లీ లేస్తుంది. రెండోసారి కోయడం చాలా కష్టం. మిగిలిందని తెలిస్తే ఇప్పుడే షేక్ ఇవ్వొచ్చు."

షేక్ అంటే కాపడం. మిషన్ కింద పడుకోబెట్టి కిరణాలతో పెట్టే కాపడం.

"అయితే ఇచ్చేయండి."

"ఊరికే ఇచ్చేది కాదు బెన్. అది మంచి పేగును కూడా కాలుస్తుంది. ఆ బాధ కొందరికి జన్మంతా ఉంటుంది. అనుమానం మీద ఇవ్వను. మూడు నెలలకోసారి చూస్తూ ఉందాం."

ఆయన బయటికి వచ్చాడు. "ఏమంటుండు?"

"బాగుందంటున్నడు" అన్నాను. బాగుందనే కదా అన్నాడు.

రిపోర్టు బాగుంది. రెండు చివరలూ శుభ్రం.

29 జనవరి

రెండు చివరలూ శుభ్రం. దోసకాయ పప్పు వండాను. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. పప్పు మంచిదేనా అని నవతతో డాక్టర్‌కు ఫోన్ చేయించాను. మంచిదేనట.

30 జనవరి

దారాలు జారిపోతూనే ఉంటాయి. అత్త తీయకపోయినా ల్యాబ్ చేరేలోపు జారిపోయేదే. పప్పుడబ్బాలన్నీ కడిగి ఎండబెట్టాను.

31 జనవరి

పప్పుడబ్బాలు నిన్ననే కడిగాను. ఇవాళ మళ్లీ కడిగాను.

సాయంత్రం సేఠ్ పరామర్శకు వచ్చాడు. ఆయన మంచం మీద లేచి కూర్చుని కార్ఖానా సంగతులు అడిగాడు. మార్కెట్ పార్టీ బట్ట తానులు వెనక్కి పంపిందని సేఠ్ చెప్పాడు.

"రెండు కొసలు జూసి మడత పెట్టిన్రు గదా?" అని ఆయన నవ్వాడు. "కొసలు ఎప్పుడూ మంచిగనే ఉంటయ్ సేఠ్. ఖరాబు అంచుకు ఉంటది. అంచు చూడనోడు చెకింగ్ చేసినట్టే గాదు."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పెళ్లయినప్పటి నుంచి నేను పాలు పొంగిపోనివ్వలేదు.

అది జారిపోలేదు. అత్త కత్తిరించింది. నేను మూత తీసి పట్టుకున్నాను.

1 ఫిబ్రవరి, శనివారం

రేషన్ షాపుకని చెప్పి ల్యాబ్‌కు వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కళ్లద్దాలు తల మీద పెట్టుకుని వాటికోసమే బల్ల మీద వెతుకుతోంది. తల మీద ఉన్నాయని చెప్పాను. దాంతో కూర్చోమంది.

"ఆ దారం జారిపోలేదు, డాక్టర్. కత్తిరించాం."

"ఎవరు?"

"నేను."

అత్త పేరు చెప్పడానికే వెళ్లాను. నోటికి ఇదే వచ్చింది. అత్త అంటే ఎందుకు తీసుకెళ్లావంటారు, మేము అంటే ఎవరెవరంటారు. ఒక్క మనిషైతే లెక్క తేలిక.

"ఎందుకు కత్తిరించారు?"

"వేలాడుతోంది."

ఆమె నన్ను చూసింది. తర్వాత నా చీర కొంగును చూసింది. ఒక్క పోగు కూడా బయటికి లేదు.

"మాసీ, మీరు చీరల దారాల పని చేస్తారా?"

"మా ఇంట్లో చేస్తారు."

నవ్వాపుకుంటూ తల పట్టుకుంది. తర్వాత ముఖం మారింది. "జారిపోతే ఆ చోటు తెలియదు. కత్తిరిస్తే మాత్రం ముడి అక్కడే ఉంటుంది. రక్తనాళాలకు వేసిన ముడులు తెల్లవి, ఇది నల్లది. నేను పొడుగు దారం కోసం చూశాను, ముడి కోసం వెతకలేదు. ఎంత దగ్గరగా కత్తిరించారు?"

"మొదట్లోకి. మా వాళ్లు మొదట్లోకే కత్తిరిస్తారు."

"ముక్క ఉందో లేదో చూడాలి. పాతవి తగలబెట్టడానికి పంపేస్తాం."

లోపలికి వెళ్లింది. గోడ మీద ఒక క్యాలెండర్ ఉంది. దాని మీద ఏ బొమ్మ ఉందో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఆమె బయటికి వచ్చి, "ఉంది. వచ్చే వారం పోయేది" అంది. సర్జన్‌కు నా ముందే ఫోన్ చేసింది. ఫోన్‌లోంచి సర్జన్ అరుపు నాకు కూడా వినబడింది.

దారిలో రేషన్ షాపు మూసి ఉంది. ఖాళీ సంచితో ఇంటికి వచ్చాను. ఎవరూ అడగలేదు.

4 ఫిబ్రవరి

ఏమీ తెలియలేదు. ముడి దొరక్కపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. దొరికి, శుభ్రంగా ఉందంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

6 ఫిబ్రవరి

ముడి దొరికింది. దాని కింద క్యాన్సర్ కోసిన అంచు దాకా ఉంది. లోపలి గోడకు కొంత మిగిలే ఉంటుందట.

సర్జన్ నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు, ఏడుస్తాననుకున్నాడేమో. షేక్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం తినాలి, ఏం తినకూడదు, ఎండలో తిరగొచ్చా, అన్నీ అడిగి రాసుకున్నాను. తర్వాత ఆ నీళ్లు తాగాను.

"ఇది ఇప్పుడు తెలియడం మంచిదయింది" అన్నాడు. "అది పెరిగి కనబడే దాకా ఆగితే నా చేతిలో పెద్దగా ఉండేది కాదు. కానీ ఆ కత్తెర ఎక్కడైనా దాచిపెట్టండి బెన్."

ఇంట్లో అత్త గుమ్మం దగ్గర చీరల మూట విప్పుకుని కూర్చుంది. ఆయన మంచం మీద. నవత కాలేజీ నుంచి అప్పుడే వచ్చింది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"రిపోర్టు మంచిగుందంటివి గదనే" అన్నాడు ఆయన.

"కొసలకు మంచిగుంది. అంచుకు లేదు."

ఆయనకు ఇక వివరించనక్కరలేకపోయింది. ముఖం తెల్లబడింది. "గప్పుడే ఎందుకు చూడలే మరి?"

"చూడమని డాక్టర్ ఒక దారం కట్టిండు. అది కత్తిరించినం."

అత్త కత్తెర ఆగింది. "ఏ దారం?"

"డబ్బా మూతకు వేలాడింది చూడు అత్తా, ఆటోల. నేను కత్తిరించిన గదా."

ఆమె కళ్లలోకే చూస్తూ చెప్పాను. అత్త నోరు తెరిచింది. చాలాసేపు నన్ను చూసింది. తర్వాత "ఊఁ" అని చీర మీదికి వంగింది.

ఆయన మొదలుపెట్టాడు. బుద్ధుందా అన్నాడు. డాక్టర్ కట్టినదాన్ని కత్తిరించడానికి నువ్వెవరన్నాడు. ఇంట్లో ప్రతి డబ్బాకూ చీటీ అంటించేదానివి, ఆ డబ్బా చీటీ చదవలేదా అన్నాడు. అది ఇంగ్లీషులో ఉందన్నాను. నవత "బాపూ, బస్" అని ఏడ్చింది. రాత్రికి ఎవరూ సరిగ్గా తినలేదు. అత్త మాత్రం నా కంచంలో అడగకుండానే ఇంకో గరిటె అన్నం వేసింది.

20 ఫిబ్రవరి

షేక్ రెండో రోజు. నొప్పేమీ లేదట, వేడి కూడా తెలియదట. "గిదేం కాపడమే, మా అవ్వ ఇటుక పెట్టినట్టు గూడ లేదు" అన్నాడు. రోజూ ఇలా వెళ్లాలి, ఆదివారాలు తప్ప.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడిగాడు. "మళ్ల అస్తదా?"

"రాకుంటనే గదా ఇస్తున్నరు."

"అస్తే?"

"వస్తే మళ్లీ కోయొచ్చో లేదో అప్పుడు చూస్తరట. కోస్తే ఈసారి సంచేనట."

ఆయన ఎదురుగా కూర్చున్న వాళ్లను చూశాడు. వాళ్లలో ఒకతని చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉంది. అతను పల్లీలు తింటూ పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతున్నాడు.

"సంచైతే సంచి" అన్నాడు ఆయన.

25 ఫిబ్రవరి

ఇంటికి ఎవరు వచ్చినా దారం కథ చెప్తున్నాడు. "మా దాని చేతికి కత్తెర దొరికితే అంతే. డాక్టరు ప్యాంటు దారం గూడ ఇడువదు." వచ్చినవాళ్లు నవ్వుతారు. నేను చాయ్ ఇచ్చి వస్తాను. అత్త ఇంట్లో ఉన్నప్పుడు గొంతు ఇంకా పెంచుతాడు. ఎందుకో తెలియదు.

2 మార్చి

ఇవాళ అత్త నన్ను క్షమించింది.

రాములు వచ్చాడు. ఆయన మళ్లీ దారం కథ ఎత్తుకున్నాడు. అత్త కల్పించుకుని, "ఊకోరా, ఎన్నిసార్లంటవ్? పిల్ల తెల్వక కత్తిరించింది. కావాలని చేసిందా?" అంది. నా వైపు తిరిగి, "నువ్వు మనసుల పెట్టుకోకు బిడ్డా. తప్పులు అందరు చేస్తరు" అంది.

మంచిదత్తా అన్నాను. వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేదు. ఆమె మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉందో అది కూడా నాకు తెలియదు. అడగను.

11 మార్చి

విరేచనాలు. చర్మం కమిలింది. కూర్చోలేడు, పడుకోలేడు. ఇవాళ నన్ను తిట్టలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

13 మార్చి

తిట్టలేదు.

15 మార్చి

తిన్న పెరుగన్నం కడుపులో నిలిచింది. కొంచెం తిట్టాడు.

26 మార్చి

షేక్ అయిపోయింది. నవతకు పరీక్ష, అత్త ఇంట్లో. మేమిద్దరమే ఆటోలో తిరిగి వస్తున్నాం. కింద మెత్త వేసుకుని ఆయన ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. ఆటోవాడికి దారం కథ మొదలుపెట్టబోయాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఇగ చాలు. ఆటోవానికి గూడ చెప్పాల్నా? ఇంకెన్ని దినాలు పడాలె నేను?"

ఆయన ఆటోవాడి వీపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు కత్తిరించలేదని నాకు తెల్వదా?"

నేను ఒళ్లోని మందుల చీటీని ఇంకో మడత పెట్టాను.

"నిమ్మకాయ కోయాల్నంటే కత్తి కడుగుతవ్, పీట కడుగుతవ్, నిమ్మకాయ గూడ కడుగుతవ్. నువ్వు ఆటోల మూత తీసి, ఏందని అడగకుంట డాక్టర్ దారం కోస్తవా? గా పని చేసే చెయ్యి మా ఇంట్ల ఒక్కటే ఉన్నది. నన్ను సాదిన చెయ్యే."

"మరి నన్నెందుకు తిడుతున్నవ్?"

"తిట్టకుంటే నాకు తెల్సని అవ్వకు అనుమానం రాదా? పెండ్లాం గింత పెద్ద పని చేస్తే మొగడు ఊకుంటడా? నువ్వు అబద్ధం సగమే చెప్పి ఇడిసిపెట్టినవ్. మిగిలిన సగం నేను చెప్పాలె గదా."

ఆటో గతుకులో పడింది. "అబ్బా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత వదల్లేదు.

"ఒక్క మాటన్న చెప్పొద్దా నాకు?" అన్నాను.

"చెప్తే నీ ముఖం మంచిగుండేది. మంచిగుంటే అవ్వ కనిపెట్టేది."

"ఇంకెన్ని దినాలు తిడుతవ్?"

"డాక్టరు చెకింగులు ఎన్నాళ్లన్నడు?"

"ఐదేండ్లు. అప్పటిదాంక రాకుంటే ఇగ భయం తక్కువంట."

"అయితే ఐదేండ్లు తిడ్త" అన్నాడు.

12 జూన్

మూడు నెలల చెకప్. సర్జన్ వేలితో చూశాడు, లోపలి ఫోటో తీయించాడు. ఆ పక్కన ఇప్పటికి ఏమీ లేదట. సెప్టెంబరులో మళ్లీ రమ్మన్నాడు. అప్పుడేమంటాడో అప్పుడే.

ఇంటికి రాగానే ఆయన, అత్త వినేలా, చాయ్‌లో చక్కెర తక్కువైందని మొదలుపెట్టి దారం దాకా వెళ్లాడు. పక్కింటి లింగవ్వ కిటికీ తెరిచి చూసింది. ఆయన గొంతులో మునుపటి బలం వచ్చింది.